యూనియన్ కార్డు మీద సంతకం పెట్టాలా? కొత్త పైలట్ ప్రశ్న

కొత్త ఫస్ట్ ఆఫీసర్, టెక్సాస్:
అందరికీ నమస్కారం. ఒక ప్రాంతీయ విమాన సంస్థలో ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి శిక్షణ. ఇచ్చిన కాగితాల్లో యూనియన్ కార్డు కూడా ఉంది. టెక్సాస్ చట్టం ప్రకారం చేరనక్కర్లేదని, చందా మిగుల్చుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

కెప్టెన్, చికాగో:
తమ్ముడూ, చందా సంగతి తరువాత. నా మొదటి సంవత్సరంలో జరిగింది విను. ఒక రాత్రి హోటల్ చేరేసరికి పదకొండు దాటింది. కన్ను అంటుకున్న గంటకు షెడ్యూలింగ్ వాళ్ల ఫోను, రెండున్నరకు ఇంకొకటి. తెల్లవారాక అలసిపోయాను, విమానం నడపలేనని చెప్పేశాను. మరునాడు చీఫ్ పైలట్ గదికి పిలిచారు. బల్లకు అవతల ముగ్గురు, ఇవతల నేనొక్కణ్ణే. తెల్ల కాగితాలు, పెన్ను నా ముందుకు జరిపి, "జరిగింది రాసివ్వండి, చాలు" అన్నారు. పెద్దవాళ్లు అడిగారు కదా అని రెండు పేజీలు రాసిచ్చాను. పది రోజులకు హెచ్చరిక లేఖ వచ్చింది. అందులో ఉన్నవి నా వాక్యాలే!

అప్పుడు పరుగెత్తాను యూనియన్ ప్రతినిధి దగ్గరికి. ఆయన నా రెండు పేజీలు పక్కన పెట్టి, "ఫోను ఎన్నింటికి వచ్చింది?" అని అడిగారు. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఎవరూ లేపకుండా పడుకునే వీలు ఉండాలి. ఆ రెండు ఫోన్లతో ఆ వీలు పోయింది. 2009లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో దగ్గర కోల్గన్ సంస్థ విమానం కూలి 50 మంది పోయాక, వాళ్ల కుటుంబాలూ పైలట్ల యూనియన్లూ పట్టుబడితే వచ్చిన నిబంధన ఇది. 2014 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆ లేఖను నా ఫైల్లోంచి తీయించడానికి నాలుగు నెలలు పట్టింది.

సరుకు విమానాల పైలట్, కెంటకీ:
కెప్టెన్ గారూ, ఆ నిబంధన ప్రయాణికుల విమానాలకే. మమ్మల్ని అందులోంచి తప్పించారు. అర్ధరాత్రి ఎగిరే మాకు పాత నిబంధనలే దిక్కు. అంతకు మించి విశ్రాంతి కావాలంటే యూనియన్ ఒప్పందంలో రాయించుకోవలసిందే.

బాబూ, మీ మిత్రుడి మాట ఇక్కడ చెల్లదు. మనకు వర్తించేది 1926 నాటి రైల్వే కార్మిక చట్టం, అది దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం. 1936లో విమాన సంస్థలనూ అందులో చేర్చారు. దాని ముందు రాష్ట్ర చట్టం నిలవదు. ఒప్పందంలో షరతు ఉంటే చేరకపోయినా రుసుము కట్టాలి, ఒప్పందం మీద ఓటు మాత్రం ఉండదు. డబ్బూ పోయి ఓటూ పోతే మిగిలేది ఏమిటి? అయితే ప్రొబేషన్‌లో యూనియన్ కాపాడుతుందని ఆశ పెట్టుకోకండి. చాలా ఒప్పందాల్లో మొదటి సంవత్సరం తొలగిస్తే ఫిర్యాదుకు దారి ఉండదు. కెప్టెన్ గారిది అదృష్టం.

కెప్టెన్, చికాగో:
అదృష్టం కాదండీ. ఉద్యోగం నిలబెట్టలేకపోయినా, పక్కన కూర్చునే మనిషి ఒకరు ఉంటారు. ఆ రోజు ఉండి ఉంటే నేను పెన్ను ముట్టేవాణ్ణే కాదు.

శిక్షకురాలు, అరిజోనా:
చిన్న విమానాల్లో పాఠాలు చెప్పే మాలో చాలామందికి అసలు యూనియనే లేదు. విమాన యజమానులు, పైలట్ల సంఘమైన ఏ.ఓ.పీ.ఏ.లో ఉన్నాను కదా అనుకుంటారు. 1939 నుంచి ఉన్న మంచి సంఘమే, కానీ మీ జీతం గురించి యజమానితో బేరమాడదు. న్యాయ సహాయ పథకానికి విడిగా డబ్బు కట్టాలి. ఇంకొకటి, ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను: తెలియక నిబంధన తప్పితే 10 రోజుల్లోపు నాసా నడిపే భద్రతా కార్యక్రమానికి నివేదిక పంపండి. కావాలని చేసినది, నేరం, ప్రమాదం కాకపోతే, తప్పు రుజువైనా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్.ఏ.ఏ. సాధారణంగా జరిమానా వేయదు, లైసెన్సు ఆపదు. నా విద్యార్థి ఒకరు పదకొండో రోజున ఫోను చేశారు. ఇప్పటికీ బాధగానే ఉంది.

కొత్త ఫస్ట్ ఆఫీసర్, టెక్సాస్:
అందరికీ కృతజ్ఞతలు. కార్డు మీద సంతకం పెట్టాను. అన్నయ్యా, ఆ రెండు పేజీల్లో మిమ్మల్ని ఇరికించిన వాక్యం ఏది?

కెప్టెన్, చికాగో:
మొట్టమొదటిదే. "నా పొరపాటుకు క్షమించండి" అని మొదలుపెట్టాను.