జోసా (ఐఐటీ సీట్ల కౌన్సిలింగ్) ఆప్షన్స్ ఏ ఆర్డర్‌లో పెట్టాలి? సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) గురించి ఇంట్లో గొడవ

కావలి పిల్లోడు:
అన్నా, అక్కా, మాది కావలి పక్కన పల్లె, ఇంటర్ నెల్లూర్లోనే చదివా. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఓబీసీ ర్యాంకు 2 వేల పైన వచ్చింది. నాకు కంప్యూటర్స్ తప్ప ఇంకోటి వద్దు, మా నాయనేమో మద్రాస్ ఐఐటీ అయితే ఏ బ్రాంచైనా పర్లేదు, పొద్దున బండెక్కితే మధ్యానానికి ఇంటికొస్తావు అంటాడు (తిరుపతి ఐఐటీ ఇంకా దగ్గర నాయనా అంటే వినడు). దీనికితోడు మా మామ, బొంబాయి ఢిల్లీ సీఎస్ఈలు పైన పెడితే కిందవాటికి ఛాన్స్ పోతది, వచ్చేవే ముందు పెట్టు అంటుండాడు. నిజమేనా? ఎట్టా పెట్టాలి?

ఒంగోలు గిత్త:
మీ మామ మాట ఎంసెట్ కౌన్సిలింగ్ కాడ్నించీ ప్రతి ఇంట్లో వినపడేదే, నమ్మబాక. లిస్టు పైనుంచి చూసుకుంటా వస్తారు, నీ ర్యాంకుకి మొదటిది లేదంటే రెండోది, అదీ లేదంటే మూడోది. తిరుపతి సీఎస్ఈ నువ్వు 40వ నంబర్లో పెట్టినా నీకన్నా వెనక ర్యాంకోడు 1లో పెట్టినా సీటు నీకే ముందు. అసలు ప్రమాదం ఏందంటే, నీకు ఎక్కువ ఇష్టమైంది కింద పెట్టి పైది వచ్చిందనుకో, కిందవన్నీ ఇంక నీకు లేనట్టే. కాబట్టి పాత కటాఫ్‌లు చూసి ఆర్డర్ మార్చొద్దు. మద్రాస్‌లో చేరి తర్వాత బ్రాంచి మార్చుకుందాంలే అనే లెక్క కూడా వద్దు, కొన్ని ఐఐటీల్లో ఆ పద్ధతే తీసేశారు.

పెన్నా అక్క:
ఆర్డర్ సంగతి తర్వాత తమ్ముడూ, ఓబీసీ అంటున్నావు కదా, సర్టిఫికెట్ ఉందా? మామూలుగా మనం తీసుకునే బీసీ సర్టిఫికెట్ దీనికి పనికిరాదు, సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్లో బాగా స్థితిమంతులు కాదని) అని ఉండాల, అదీ ఈ ఏడు ఏప్రిల్ 1 నుంచి ఇచ్చిందే కావాల. ఇంకోటి, స్టేట్‌లో బీసీ అయిన కొన్ని కులాలు సెంట్రల్ లిస్టులో ఉండవు, అది కూడా చూసుకో. వెరిఫికేషన్‌లో తేడా వస్తే ఓబీసీ ర్యాంకు ఎంత మంచిదైనా ఆ సీటు పోతది.

కావలి పిల్లోడు:
సర్టిఫికెట్ మే నెలలో తీసినాం అక్కా, సెంట్రల్‌దే, లిస్టులో కూడా ఉండాము. మరి మొదటి రౌండ్‌లో ఏదో ఒకటొస్తే అంతేనా? ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లిస్టులో కనపడట్లేదేంది?

ఒంగోలు గిత్త:
అది జోసాలో ఉండదబ్బాయ్, వాళ్ళ అడ్మిషన్ వాళ్ళదే, వేరేగా అప్లై చెయ్యాల. సీటొస్తే ఫీజు కట్టి ఫ్లోట్ పెట్టు, వచ్చింది చేతిలో ఉంటది, తర్వాత రౌండ్లలో పైది ఖాళీ అయితే దానికి మారుస్తారు, అప్పుడు పాతది పోతది. స్లైడ్ అంటే అదే కాలేజీలో పై బ్రాంచికి మాత్రమే. ఫీజు టైముకి కట్టకపోతే మాత్రం మొత్తం కౌన్సిలింగ్ నుంచే బయటికి పోతావు, చివరి రోజు రాత్రి దాకా కూర్చోబాక, మనూళ్ళల్లో కరెంటు సంగతి నీకు తెలీందా. మీ నాయనకి యేర్పేడు (తిరుపతి ఐఐటీ ఉండేది ఆడే) ఎక్కడుందో ఒకసారి తీసకపోయి చూపించు.