ట్రోమ్సో నుంచి లాంగియర్‌బ్యెన్‌కి విమానంలో ఎంతసేపు?

ప్రశ్న:
మార్చిలో నేనూ మా ఆయనా నార్వే వెళ్తున్నాం. ట్రోమ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బ్యెన్‌కి విమానం ఎక్కాలి. ఫోన్లో మ్యాపు చూస్తే మధ్యలో సముద్రం కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా ఉన్నంత కనబడుతోంది. విమానం టైమేమో గంటా నలభై నిమిషాలని చూపిస్తున్నారు. ఎక్కడో తప్పు పడినట్టుంది. అసలు దూరం ఎంతండీ?

జవాబు:
టైము సరిగ్గానే ఉందమ్మా, మోసం మ్యాపుది. బల్లపరుపు మ్యాపులో ఉత్తరానికి పోయేకొద్దీ నేల సాగిపోతుంది. ట్రోమ్సో దగ్గర దాదాపు మూడింతలు, లాంగియర్‌బ్యెన్ దగ్గర ఐదింతలకు కాస్త తక్కువ. స్కేలు పెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది.

కాగితం మీద వేసి చూడండి. ట్రోమ్సో అక్షాంశం 69.68, లాంగియర్‌బ్యెన్ 78.25. తేడా 8.57 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్లు, అంటే 951. తూర్పు పడమరల తేడా మూడున్నర డిగ్రీలున్నా, అంత ఉత్తరాన రేఖాంశాలు దగ్గర పడిపోయి డిగ్రీకి 31 కిలోమీటర్లే వస్తుంది. ఆ వాలు కలిపితే 957. మన హైదరాబాద్-ఢిల్లీ కంటే తక్కువే!

గంటకు 800 చొప్పున గాల్లో గంటా పన్నెండు నిమిషాలు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలిపి ఇంకో అరగంట వేసుకోండి. రెండు ఊళ్లకీ గడియారం ఒకటే.

ఇంకో జవాబు:
దూరం సంగతి సరే, వీసా చూసుకున్నారా అక్కా? స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు. అక్కడ ఉండటానికి వీసా అక్కర్లేదు గానీ, ట్రోమ్సోలో పాస్‌పోర్టు చూపించి షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టే లెక్క. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లోపలికి రావాలిగా. ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసాతో నేను ట్రోమ్సో కౌంటర్ ముందు నిలబడ్డాను. వెళ్తే తిరిగి రాలేవన్నారు. టికెట్ డబ్బులు పోయాయి, తప్పు నాదే. కౌంటర్ పనికి గంట అదనంగా పెట్టుకోండి.

మరో జవాబు:
వాతావరణం గురించి ఎవరూ అనలేదు. మంచు, పొగమంచు, గాలి ఎక్కువైతే దిగకుండా వెనక్కి తిప్పేస్తారు, దగ్గర్లో ఇంకో పెద్ద రన్‌వే లేదు. అందుకని తిరుగు ప్రయాణం రోజే ఇండియా విమానం పెట్టుకోకండి. ఒక రాత్రి ఓస్లోలో ఉండండి.

దిగాక మెట్ల మీంచి నేరుగా మంచులోకే, నడిచి లోపలికి వెళ్లాలి. కోటు పైన పెట్టెలో కుక్కేయకండి. లగేజీ బెల్టు నడుమ లోపల పీచు కూరి బొమ్మలా నిలబెట్టిన తెల్ల ఎలుగుబంటి ఉంటుంది, మా పాప దాన్ని చూసి సూట్‌కేసు సంగతే మర్చిపోయింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్యూ. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి అక్కడేనా? చూడనిస్తారా?

జవాబు:
అది ఇంకో 110 కిలోమీటర్ల అవతల, నీ-ఆలెసుండ్‌లో. 2008లో పెట్టారు. అక్కడికి వెళ్లే చిన్న విమానం ప్రధానంగా పరిశోధకుల కోసమే. దాని మీద ఆశ పెట్టుకోకండమ్మా.

ప్రశ్న అడిగినవారు:
సరేనండీ. వీసా అపాయింట్‌మెంట్ వచ్చే వారమే. ఫారం తీసి చూస్తే ఇద్దరికీ సింగిల్ ఎంట్రీ అని టిక్కు పెట్టి ఉంది. ఇప్పుడే దిద్దుతున్నా.