రోజూ తిరిగే దారుల్లో అరుదైన పాత కార్లు: మీరు దేన్నిబట్టి గుర్తుపడతారు?

వెనకఅద్దం:
మిత్రులారా, మ్యూజియంలో పాత కారును గుర్తుపట్టడం గొప్ప కాదు, పక్కనే పలక ఉంటుంది. రద్దీలో మన పక్కనుంచి దాటిపోయే కారును ఆ నాలుగైదు క్షణాల్లోనే పోల్చుకోవడం వేరే విద్య. ఎవరెవరు ఏ ఆనవాలు చూస్తారో, ఏ కారును ఎక్కడ ఎలా పట్టుకున్నారో ఇక్కడ ఒకచోట చేరుద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా వంతుగా ముందు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ గురించి చెబుతాను. 2003లో మెక్సికోలోని ప్యూబ్లా కర్మాగారంలో ఆఖరి బండి బయటికి వచ్చేసరికి రెండు కోట్ల పది లక్షలకు పైగా బీటిళ్ళు తయారయ్యాయి కాబట్టి, బీటిల్ కనిపించడం వార్త కాదు. అది ఏ బీటిల్ అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు వెనక అద్దంలో ఉంటుంది. 1953 తొలి నెలల వరకు వచ్చిన బండ్లకు మధ్యలో సన్నని పట్టీతో రెండుగా చీలిన అద్దం ఉండేది. ఆ తరవాత 1957 వరకు ఒకే ముక్కగా కోడిగుడ్డు ఆకారంలో చిన్న అద్దం పెట్టారు. అక్కడి నుంచి అద్దం పెద్దదై దీర్ఘచతురస్రానికి దగ్గరైంది. కూడలిలో నా ముందు ఆగిన ఒక బూడిదరంగు బండికి కోలగా ఉన్న ఆ చిన్న అద్దం కనిపించినప్పుడు, పచ్చదీపం వెలిగినా నేను కదలలేదు. వెనక ఉన్నవారి హారన్లు విన్నాకే తెలివి వచ్చింది.

గేర్‌బాక్స్:
మంచి చర్చ. నేను ముందుగా చూసేవి హెడ్‌లైట్లు, ఆ తరవాత బంపర్లు. కారు ఏ కాలానిదో మాత్రమే కాదు, మొదట ఏ దేశపు మార్కెట్టు కోసం తయారైందో కూడా ఈ రెండూ చెబుతాయి.

అమెరికాలో 1940 మోడళ్ళ నుంచి 1980ల తొలి సంవత్సరాల వరకు ప్రతి కారుకూ నిర్ణీత కొలతల సీల్డ్ బీమ్ దీపాలే (గాజు, లోపలి వెలుగుతీగ కలిపి ఒకే ముక్కగా మూసేసినవి) ఉండాలన్న నిబంధన నడిచింది. యూరప్‌లో గాజు తొడుగు వెనక ఒదిగిన అందమైన దీపాలున్న కారు, అమెరికాకు వెళ్ళేసరికి కళ్ళు తెరిచి చూస్తున్నట్టు గుండ్రటి దీపాలతో దిగేది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌కు మొదట దీపాలపై గాజు మూతలుండేవి. అమెరికా నిబంధనల కారణంగా 1967 ప్రాంతంలో వాటిని తీసేశారు. అందుకే మూత ఉన్న ఈ-టైప్ కనిపిస్తే నేను బండి పక్కకు ఆపి చూస్తాను, లేనిది కనిపిస్తే నడుపుతూనే చూస్తాను.

బంపర్ల కథ కూడా ఇలాంటిదే. తక్కువ వేగంలో గుద్దుకున్నా దీపాలు, ఇతర భద్రతా భాగాలు దెబ్బతినకూడదని 1973 మోడళ్ళ నుంచి అక్కడ కొత్త నియమం వచ్చాక, సన్నని క్రోమియం బంపర్ల స్థానంలో దుంగల్లాంటివి చేరాయి. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎమ్‌జీబీకి 1974 చివర నల్లటి రబ్బరు ముక్కు తొడిగి, బండి ఎత్తును కూడా పెంచారు. ఆ బండికి అంతకు ముందున్న సొగసు మళ్ళీ రాలేదన్నది నా అభిప్రాయం. రబ్బరు ముక్కు అభిమానులు నన్ను మన్నించాలి.

నీలిపొగ:
మీరిద్దరూ కళ్ళ గురించే చెప్పారు. చాలా సందర్భాల్లో బండి కంటే ముందు దాని చప్పుడు వస్తుంది.

పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ కార్లను ఒకసారి విన్నవారు మరచిపోరు. ట్రాబంట్, వార్ట్‌బుర్గ్, డీకేడబ్ల్యూ, తొలినాటి సాబ్ 96 ఈ జాతివే. నీలిరంగు పొగ, కాలిన ఆయిల్ వాసన, స్కూటరు శబ్దాన్ని పెద్దది చేసినట్టుండే కూత కలిసి వస్తే తల తిప్పి చూడవలసిందే. వీటిలో సాబ్‌ను పట్టుకోవడానికి ఇంకో మార్గం ఉంది. పల్లంలో దిగుతున్నప్పుడు మామూలు కారైతే ఇంజను గట్టిగా గునుస్తుంది, పాత సాబ్ మాత్రం వేగంగా పోతూనే ఇంజనును ఐడ్లింగ్‌కు వదిలేస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలుతో పాటు అందులో కలిసిన ఆయిల్ కూడా తగ్గిపోతుంది కనుక, చక్రాలు ఇంజనును బలవంతంగా తిప్పితే అది తడి లేకుండా అరిగిపోయే ప్రమాదం ఉంది. అలా జరగకుండా సైకిలు ఫ్రీవీల్ వంటి ఏర్పాటు చేశారు. 1967 మోడళ్ళ నుంచి సాబ్ 96లో ఫోర్ స్ట్రోక్ వీ4 ఇంజను వచ్చింది, దాంతో ఆ కూత పోయింది. కొండదారి మలుపులో నిలబడి ఉండగా పై నుంచి ఒక బండి దాదాపు నిశ్శబ్దంగా దిగివచ్చి, కిందికి చేరాక ఒక్కసారిగా ‘టింగ్ టింగ్’ మంటూ గొంతు విప్పినప్పుడు, అది వీ4 ఇంజను సాబ్ కాదు, తొలినాటి టూ స్ట్రోక్ సాబేనని చూడకుండానే చెప్పగలిగాను.

తుప్పు:
అందరికీ నమస్కారం. కొంచెం విరుద్ధంగా మాట్లాడతాను.

జాగ్వార్లు, ఎమ్‌జీలు పాతవే కాని, అరుదైనవని నేను ఒప్పుకోను. అందమైన బండిని కొన్నవాడు షెడ్డు కట్టి దాచుకుంటాడు, వారసులు దాన్ని పోట్లాడి పంచుకుంటారు. ఫెరారీ 250 జీటీఓలు 36 మాత్రమే తయారైనా, వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రాసిపెట్టేవాళ్ళున్నారు. అవి పోవు. పోయేవి ఎవరూ దాచుకోని బండ్లు, అంటే ఆఫీసుకు, బడికి, ఆసుపత్రికి తిప్పి తిప్పి అరగదీసిన నాలుగు తలుపుల సాదా కార్లు. బ్రిటన్‌లో 1971 నుంచి 1980 వరకు వచ్చిన మోరిస్ మరీనా ఎనిమిది లక్షలకు పైగా తయారైంది. ఇప్పుడు దాని సొంత దేశంలోనే అది దారిమీద కనిపిస్తే ఈ-టైప్ కనిపించిన దానికంటే పెద్ద వింత.

తుప్పు కొన్నింటిని తినేసింది, ప్రభుత్వ పథకాలు మరికొన్నింటిని మింగేశాయి. 2009లో అమెరికాలో పాత బండి ఇచ్చి కొత్తది కొంటే రాయితీ ఇచ్చే పథకం కింద సుమారు 6,77,000 బండ్లు తుక్కుకు వెళ్ళాయి. మళ్ళీ వాడకుండా ఉండేందుకు ఇంజనులో ఆయిల్ తీసేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి, అది బిగుసుకుపోయేదాకా నడపాలన్నది నియమం. చదివినప్పుడల్లా నాకు పళ్ళు జివ్వుమంటాయి. అందువల్ల నేను ఫొటో తీసేది 1980, 90లలోని అతి చౌక మోడళ్ళను: పవర్ విండోలు లేనివి, బంపరుకు రంగు కూడా వేయనివి, చక్రాలకు ప్లాస్టిక్ మూతలు ఇంకా ఊడిపోనివి. పక్కన నిలబడి ఫొటో తీస్తుంటే యజమాని వచ్చి, బండికి ఏమైనా తగిలిందా అని కంగారుగా అడగడం నాకు అలవాటైపోయింది.

వెనకఅద్దం:
తుప్పు గారు, మీ మాటలో బలం ఉంది. అయితే సాదా కారు ఏ వయసులో ఈ చర్చకు అర్హత పొందుతుంది?

గేర్‌బాక్స్:
అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా లెక్కలో కనీసం 30 ఏళ్ళు నిండాలి, అసలు రూపం చెడకుండా ఉండాలి, రోజువారీ ప్రయాణ సాధనంగా వాడకూడదు. ఇంగ్లండు వింటేజ్ క్లబ్బువారైతే వింటేజ్ అన్న హోదాను 1930తోనే ఆపేస్తారు. మనం ఇక్కడ అంత పట్టింపుకు పోనవసరం లేదు. పైగా రోజూ వాడకూడదన్న ఫీవా షరతు ఈ చర్చకే ఎదురు నిలుస్తుంది! 1966లో కొన్న వోల్వో పీ1800ను రోజూ నడిపి, 2013లో ముప్పై లక్షల మైళ్ళు దాటించిన అమెరికా ఉపాధ్యాయుడు అర్వ్ గోర్డన్ బండిని చారిత్రకం కాదని ఎవరనగలరు?

మూడోగేరు:
నేను కొత్త సభ్యుణ్ణి. ఒక హోటలు ముందు నీలంరంగు షెల్బీ కోబ్రా నిలిపి ఉండగా చూశాను. పైకప్పు లేదు, పక్కనుంచి సైలెన్సరు గొట్టాలు, బోనెట్ మీద రెండు తెల్ల చారలు. అది అసలైనదేనా? ఇనుప శరీరమా, ఫైబరా తేల్చడానికి అయస్కాంతం పెట్టి చూడవచ్చని ఎవరో చెప్పారు.

తుప్పు:
మూడోగేరు గారు, 1960లలో తయారైన అసలు కోబ్రాలు సుమారు వెయ్యి. వాటికి నకళ్ళు దానికి ఎన్నో రెట్లు. దారిలో కనిపించిన కోబ్రాను నకలనే అనుకుని, కాదని రుజువైతే సంతోషించడం మేలు. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు. అసలు కోబ్రా శరీరం అల్యూమినియం, నకళ్ళలో ఎక్కువ భాగం ఫైబర్‌గ్లాస్, అయస్కాంతం రెంటికీ అంటదు. పోర్షే 356 స్పీడ్‌స్టర్ విషయంలో మాత్రం ఆ పరీక్షకు కొంత అర్థముంది, ఎందుకంటే అసలు బండి ఉక్కుది. బీటిల్ అడుగుభాగం మీద ఫైబర్ తొడుగు బిగించిన స్పీడ్‌స్టర్లు చాలా ఉన్నాయి. వాటి ఇంజను కూడా వెనకే ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది కనుక చప్పుడు కూడా నమ్మిస్తుంది.

గట్టి ఆధారం ఛాసిస్ నంబరు. 17 అక్షరాల నంబరు అమెరికాలో 1981 మోడళ్ళ నుంచే తప్పనిసరి అయింది. దానికి ముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, సాధారణంగా అంతకంటే పొట్టిగా ఉండేది. 1965 నాటిదని చెప్పే బండి పలకమీద 17 అక్షరాలుంటే సంగతి అక్కడే తేలిపోతుంది. అది నకలైనా చిన్నచూపు అక్కరలేదు. దాన్ని తన చేతులతో బిగించుకున్నవాడు ఆ బండి గురించి చెప్పగలిగినంత, వేలంలో కొన్నవాడు చెప్పలేకపోవచ్చు.

దారిదీపం:
అయస్కాంతం ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను కల్పించుకోవలసి వస్తోంది. యజమాని అనుమతి లేకుండా ఎవరి బండి మీదా ఏ వస్తువూ పెట్టకండి. పాత పెయింటు పలుచన, చిన్న గీతకే లేచిపోతుంది. ఇక్కడ ఫొటోలు పెట్టేవారు నంబరు ప్లేటు కనిపించకుండా చేయండి, బండి రాత్రిళ్ళు ఉండే వీధిని, ఇంటిని రాయకండి. పాత బండ్లకు నేటి తాళాలు, అలారాలు ఉండవు. దొంగలకు కూడా ఇలాంటి చర్చలు చదవడం వచ్చు.

యజమాని కనిపిస్తే మాట్లాడండి, కాని మొదటి ప్రశ్నగా ధర అడగకండి. దాన్ని విని విని వారు విసిగి ఉంటారు. విడిభాగాలు ఎక్కడ దొరుకుతున్నాయి, కార్బురేటర్ ఎవరు సర్దుతారు అని అడిగి చూడండి, బోనెట్ తానే లేచి తెరుచుకుంటుంది.

చాలాకాలంగా కదలకుండా ఉన్న బండి కనిపిస్తే తాకకుండానే ఒక సంగతి తెలుసుకోవచ్చు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, 2000వ సంవత్సరం నుంచి తయారైన టైర్లకు నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2309 అని ఉంటే ఆ టైరు 2009లో 23వ వారంలో తయారైంది. మూడే అంకెలుంటే అది అంతకు ముందు దశాబ్దాలది, అంటే ఆ బండి ఎన్నో ఏళ్ళుగా కొత్త టైర్లు ఎరగదని అర్థం.

నీలిపొగ:
కదలని బండ్లంటే ఫ్రాన్సులోని బయ్యోన్ కుటుంబపు సేకరణ గుర్తుకువస్తుంది. 2014లో ఒక ఎస్టేటులోని రేకుల పాకల కింద, ఐవీ తీగల మధ్య 60 దాకా కార్లు బయటపడ్డాయి. పాత పత్రికల కట్టల కింద ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఉంది. 2015 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో వేలం వేశారు. అటువంటిది మనకు ఎదురవుతుందని నేను ఆశపెట్టను. మెకానిక్ షెడ్డు వెనక భాగం, టార్పాలిన్ కప్పిన ఆకారాలు, ట్రెయిలర్ మీద తాడుతో బిగించిన బండ్లు మాత్రం వదలకుండా చూడండి. టార్పాలిన్ కింద కూడా బీటిల్ వీపును ఎవరూ దాచలేరు. చలికాలంలో దారులపై ఉప్పు చల్లే దేశాల్లోనైతే వానలు ఆ ఉప్పును కడిగేసిన తరవాత వచ్చే తొలి ఎండ రోజు మంచిది; యజమానులందరూ అదే రోజున బయటికి తీస్తారు.

గేర్‌బాక్స్:
దీనికొకటి కలుపుతాను: స్టీరింగు ఏ వైపున ఉందో చూడండి. దారికి తగని వైపున ఉంటే బండి మరో దేశం నుంచి వచ్చిందన్నమాట. అమెరికాలో 25 ఏళ్ళు దాటిన కార్లకు దిగుమతి భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు ఉన్నందువల్ల, 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ 2014 నుంచి అక్కడి దారుల్లో కుడి స్టీరింగుతో కనిపించసాగింది.

మూడోగేరు:
అయస్కాంతం ఇంట్లోనే ఉంచుతాను. చివరగా ఒక బండిని మీరే గుర్తుపట్టాలి. పొడవైన బోనెట్, వెనక చక్రాలు సగానికి పైగా మూసి ఉన్నాయి, వెనక ఇండికేటర్లు కింద కాకుండా పైకప్పు అంచుల్లో ఉన్నాయి. ఆగి ఉన్నప్పుడు నేలకు ఆనుకున్నట్టున్నది, స్టార్ట్ చేశాక మెల్లగా లేచి నిలబడింది. లోపల స్టీరింగు చక్రానికి ఒకే ఒక్క పుల్ల ఉంది.

గేర్‌బాక్స్:
సిట్రోయెన్ డీఎస్, లేదా దాని సాదా రూపమైన ఐడీ. 1955 ప్యారిస్ ప్రదర్శనలో వచ్చింది, 1975 వరకు తయారైంది. స్ప్రింగుల స్థానంలో ఒత్తిడితో నిండిన ద్రవం, నత్రజని గోళాలు ఉంటాయి. ఇంజను తిరిగి ఒత్తిడి పుట్టాకే బండి లేస్తుంది, మీరు చూసింది అదే. సంవత్సరం తేల్చాలంటే ముందు వైపు చూడాలి. దీపాలు గాజు మూత వెనక జంటలుగా ఉంటే అది 1967 శరదృతువు తరవాతిది. స్టీరింగు తిప్పినప్పుడు లోపలి జంట కూడా అటే తిరిగితే ఖరీదైన రకం. కొత్త ముఖమే ఉండి మూత లేకపోతే, నేను పైన రాసిన అమెరికా నిబంధన దాని మీదా పడిందన్నమాట. ఆ దీపాలు తిరగవు. ముందు నుంచి తీసిన ఫొటో ఉంటే, ప్లేటు చెరిపి, ఇక్కడ పెట్టండి.