ఐడియా చెప్పినోళ్లకు పైసలియ్యాల్నా వద్దా? మా ప్రెస్సుల పెద్ద లొల్లి అయింది

ప్రెస్సాయన_హన్మకొండ
అందరికి నమస్తే. చిన్న ప్రెస్సు నాది, పెండ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, ఎలక్షన్లొస్తే పాంప్లెట్లు, మొత్తం 14 మంది పనిచేస్తరు. పోయిన దసరాకు ఒక డబ్బా పెట్టిన, పని మంచిగ నడవడానికి ఎవరన్న ఏదన్న ఐడియా రాసి ఏస్తే, పనికొస్తే 500 అని చెప్పిన. మొదటి నెల చిట్టీలు మస్తు వడ్డయ్. తీసి చూస్తే కూలర్ పెట్టాలె, రెండో మెషిన్ కొనాలె, ఆదివారం సెలవియ్యాలె (సెలవు అడిగింది న్యాయమే, అది వేరే ముచ్చట).

అసలు లొల్లి ఏందంటే, మా దగ్గర డీటీపీ (కంప్యూటర్‌ల టైపు కొట్టి పేజీ తయారు చేసుడు) చేసే పిల్ల ఉన్నది. పత్రిక ప్రూఫు (ప్రింటుకు ముందు చూసుకునే నమూనా) వాట్సాప్‌ల పంపితే ఇంటోళ్లు ఫొటో జూసి ఓకే అని కొడ్తరు, ప్రింటయినంక ఇంటిపేరు తప్పు వడ్డదని మొత్తం వాపస్ తెస్తరు, మళ్ల మా ఖర్చుతోనే కొట్టియ్యాలె. ఆ పిల్ల ఏమన్నదంటే, ఓకే అంటే నమ్మొద్దు, ఇంట్ల పెద్దమనిషిని పత్రిక మొత్తం చదివి వాయిస్ మెసేజ్ పెట్టమందాం, నోటితోని చదివితే తప్పు దొరుకుతది అని. కానీ ఈ మాట నాతోని అనలే, ఛాయ్ తాగుకుంట కౌంటర్ పిల్లగానితోని అన్నదంట. వాడు చిట్టీ రాసి డబ్బాలేసిండు, నేను 500 ఇచ్చిన, అందరి ముందట శభాష్ అని గూడ అన్న. ఐడియా మాత్రం బ్రహ్మాండం, అప్పటి సంది పేరు తప్పని ఒక్క పత్రిక వాపస్ రాలే.

పది రోజులకు సంగతి బయటవడ్డది. ఇప్పుడు వాళ్లిద్దరు మాట్లాడుకుంటలేరు. దానికంటె పెద్ద బాధ మా మెషిన్ మన్‌ది, 20 ఏండ్ల సంది ఉన్నడు, మెషిన్ మీదికెల్లే ఒర్రుకుంట ఇది ఇట్ల చెయ్యి సేటూ, అది అట్ల కాదు అని చెప్పేటోడు, డబ్బా పెట్టినంక నోరు మూసుకున్నడు. అడిగితే "ఇప్పుడు ఏం చెప్పినా 500 కోసమే అనుకుంటరు" అన్నడు. డబ్బా తీసెయ్యాల్నా, రేటు పెంచాల్నా?

పద్మాక్షి_గుట్ట
తీసెయ్యండి. నేను కాలేజీల సైకాలజీ చెప్త, పైసల ఆశ పెడ్తే ఏమైతదో 1962లనే సామ్ గ్లక్స్‌బర్గ్ అనేటాయన పరీక్ష పెట్టి చూపిచ్చిండు. మనిషికి ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె, డబ్బా నిండ పిన్నులు ఇస్తరు, మైనం కింద కారకుండ కొవ్వొత్తిని గోడకు నిలబెట్టాలె. పిన్నులు పారవోసి ఆ ఖాళీ డబ్బానే గోడకు కొట్టి దాని మీద కొవ్వొత్తి పెట్టుడే కిటుకు. డబ్బా అంటే పిన్నులు పెట్టేదే అనుకున్నోనికి అది తడ్తలేదు. జల్ది చేస్తే పైసలిస్తం అని చెప్పిన గుంపుకు, ఏం ఇయ్యని గుంపు కంటె సగటున మూడున్నర నిమిషాలు ఎక్కువ వట్టింది. పైసల మీద కన్నువడితే సూపు ఇరుకైతది, పక్కకు చూడదు.

కాజీపేట_జంక్షన్
మేడం నమస్తే. అదే పరీక్షల ఇంకో సగం ఉన్నది, అది చెప్పలే మీరు. పిన్నులు ముందే డబ్బాల నుంచి తీసి పక్కన పెట్టి ఇస్తే పైసల గుంపే జల్ది చేసింది. అంటే పైసలు పాడు చేస్తయ్ అని కాదు, తొవ్వ కనవడే పనికి పైసలు మంచిగనే పనిచేస్తయ్. ఇంకో మాట, సేటుకు ఎన్ని పత్రికలు మళ్ల కొట్టుడు తప్పింది? ఆ కాగితం, ఇంకు, కరెంటు, పైసలన్ని సేటు జేబుల, ఐడియా ఇచ్చిన పిల్లకేమో చప్పట్లు. గవి గూడ పిల్లగానికే వడ్డయ్. చప్పట్లతోని కిరాయి కట్టొస్తదా? "పైసలిస్తే క్రియేటివిటీ పోతది" అనే మాట ఎప్పుడు విన్నా నాకు ఓనర్ల నోట్లకెల్లే వినవడ్తది.

పద్మాక్షి_గుట్ట
తమ్మీ నేను ఓనర్ను కాదు, గెస్ట్ లెక్చరర్ను, జీతం ఎప్పుడొస్తదో నాకే తెల్వది 😀 రెండో సగం నిజమే, ఒప్పుకుంటున్న. కానీ వాయిస్ మెసేజ్ అనేది తొవ్వ కనవడే పనా? అది పిన్నుల డబ్బా లాంటిదే. ఇంకోటి, 1973ల అమెరికాల బొమ్మలేసుడు ఇష్టమున్న చిన్నపిల్లలకు, ఏస్తే సర్టిఫికెట్ ఇస్తం అని ముందే చెప్పిండ్రు. తర్వాత చూస్తే వాళ్లు తమంతట తాము బొమ్మలేసుడు తగ్గిపోయింది. చెప్పకుండ అయినంక ఇచ్చిన పిల్లలకు మాత్రం తగ్గలే. ముందు ఆశ పెట్టుడే ఖరాబు చేసేది.

ప్రెస్సాయన_హన్మకొండ
అంటే చెప్పకుండ ఇయ్యాల్నా?

కాజీపేట_జంక్షన్
ఒక్కసారి చెప్పకుండ ఇస్తవ్ అన్నా, రెండోసారి అందరికి తెలుస్తది, మూడోసారి ఇయ్యకపోతే అలుగుతరు. బర్త్‌డే కేకు అసొంటిది అది.

గోదావరిఖని_బిడ్డ
మీ ఇద్దరి లొల్లికి మా దగ్గర జవాబు ఉన్నది. సింగరేణిల దసరాకు లాభాల్ల వాటా కార్మికులందరికి ఇస్తరు, ఒక్కనికి కాదు. మా నాయిన 30 ఏండ్లు బాయిల చేసిండు, మంది మంచిగ పనిచేస్తే మనకే వస్తది అనే లెక్క ఉంటుండె. ఐడియాకింత అని రేటు కట్టినవంటే ఎవడన్న దొంగతనం చేసుడు ఖాయం. ఎవనిదన్న కాని, మిగిలినదాంట్ల అందరికి వాటా అను, ఆ కౌంటర్ పిల్లగాడే ఆమె ఐడియాను తీస్కొచ్చి నీకు చెప్తడు, ఆమె పేరుతోనే చెప్తడు. టయోటాల 1951 సంది కార్మికులు సలహాలిచ్చే పద్ధతి నడుస్తున్నది, ఆడ ఒక్కొక్క సలహాకు వచ్చే పైసలు పెద్దగ ఏముండయ్, చెప్పిన మాటను జల్ది చేసి చూపెడ్తరు గదా, దానికోసం చెప్తరు.

జనగామ_బస్సు
పైసలు, వాటాలు, డబ్బాలు... మా ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం గారికి ఎవరు పెట్టిండ్రు డబ్బా? ఒక్క పట్టుచీరకు ఆసు పోయాలంటే (నేసేముందు దారాన్ని కీలల సుట్టు తిప్పుడు) చెయ్యి అటు ఇటు 9 వేల సార్లు తిరగాలె, వాళ్లమ్మ లక్ష్మమ్మ భుజం పోయేది. ఆ నొప్పి చూడలేక 1992ల మొదలువెట్టి 1999 దాక కొట్లాడి మెషిన్ చేసిండు, దానికి అమ్మ పేరే పెట్టిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతితోనే బడి బందైన మనిషి. కొత్త ఆలోచన కడుపుల మంట నుంచి వస్తది, బోనస్ నుంచి కాదు.

కాజీపేట_జంక్షన్
మల్లేశం గారి పేరు చెప్పి ప్రతి ఒక్కరు ఇదే అంటరు, నాకు కోపమొస్తది. ఏడేండ్లు వట్టింది భయ్యా! అప్పులు చేసిండు, పిచ్చోడు అన్నరు, హైదరాబాద్ వొయి కూలి చేసుకుంట ఆ పైసలతోని పార్టులు కొన్నడు. మొదట్లనే ఎవరన్న నాలుగు పైసలు, ఒక లేతు మెషిన్ చేతికిచ్చి చేసి చూడు అంటే రెండేండ్లల అయిపోవునేమో, ఇంకెందరు అమ్మల భుజాలు మిగులుండెనో. కష్టాన్ని చూసి చేతులు దండం పెట్టుడు అల్కగ ఉంటది.

జనగామ_బస్సు
అదీ నిజమే, కాదంటలేను. కానీ నువ్వు చెప్పేది ఐడియా చెప్పినందుకు ఇచ్చే పైసలు కాదు గదా, చేసి చూడనీకి ఇచ్చే పైసలు. రెండు వేరు.

కీబోర్డు_అక్క
ఇంతసేపు చదివిన, ఒక్కరన్న ఆ పిల్ల మీకెందుకు చెప్పలేదో అడిగిండ్రా? నేను గూడ డీటీపీనే, 11 ఏండ్లు, వేరే ఊర్ల. మాకు ఓనర్ దగ్గరికి పోయి సార్ ఇది ఇట్ల చేద్దాం అంటే "నీ పని నువ్వు చూస్కో" అనే మాట ఒక్కసారి వడితే చాలు, రెండోసారి పోము. ఇగ మీటింగుల మాట్లాడేటోళ్లు ఎప్పుడు ఆ ఇద్దరే. అందుకే ఛాయ్ దగ్గర చెప్తం, పక్కనున్నోడు తీస్కపోతడు, మాకు అలవాటైపోయింది. 500 పోయిందని ఏడ్వలే ఆ పిల్ల, రాసి పెట్టుకోండి. అందరి ముందట వేరేటోన్ని శభాష్ అన్నరు గదా, దానికి ఏడ్చింది.

పద్మాక్షి_గుట్ట
అక్కా 🙏 మీటింగుల సంగతి మీరు చెప్పింది పరీక్షలల్ల గూడ ఉన్నది. అందరు కూసొని నోటికొచ్చిన ఐడియాలు చెప్పుడు, అదే బ్రెయిన్‌స్టార్మింగ్, దాన్ని ఫేమస్ చేసింది ఆస్బార్న్ అనే అడ్వర్టయిజింగ్ ఆయన. 1958ల యేల్ యూనివర్సిటీల చూస్తే నలుగురు కలిసి కూసున్నప్పటి కంటె, వేరే నలుగురు ఎవరికి వాళ్లు ఒంటరిగ కూసొని ఆలోచించినయ్ కలిపితేనే ఎక్కువ ఐడియాలు వచ్చినయ్. ఒకడు మాట్లాడుతుంటె మిగతావాళ్లు ఆగాలె, ఆగంగనే మరుస్తరు.

ములుగు_రోడ్డు
పేరు ముచ్చట వచ్చింది కాబట్టి. రామప్ప గుడి కట్టిచ్చింది 1213ల రేచర్ల రుద్రుడు, కాకతీయుల సేనాపతి. కానీ ఊరంత పిలిచేది చెక్కిన శిల్పి పేరుతోని అంటరు. యునెస్కోల 2021ల ఎక్కినప్పుడు గూడ రుద్రేశ్వర గుడి అని రాసి పక్కన రామప్ప అని పెట్టిండ్రు. పైసలు పెట్టినోన్ని మర్చిపోలే, పనిచేసినోన్ని గుడి మీద పెట్టిండ్రు. మీ ప్రెస్సుల ఆ పిల్ల పేరు ఏడున్నది?

రీము_కాగితం
అయ్యా ప్రెస్సు పనిల క్రియేటివిటీ ఏంది, ప్లేటు సక్కగ బిగించి రంగు కలవకుండ చూస్తే సాలు. నాలుగు ఐడియాల కోసం నాలుగు రోజులు మాట్లాడుకుంట మెషిన్ ఆపితే పని ఇచ్చిన పార్టీ ఊకుంటదా, లగ్గాల సీజన్ల.

ప్రెస్సాయన_హన్మకొండ
రీము అన్నా, పేరు తప్పు వడితే గూడ మెషిన్ ఆగుతది, రెండుసార్లు ఆగుతది. సరే, అందరు తిట్టిండ్రు, మంచిగనే తిట్టిండ్రు. నిన్న డబ్బా తీసేసిన. పొద్దుగాల అందరిని పిలిచి ఆ వాయిస్ పద్ధతి ఆ పిల్లది, తప్పు నాది అని చెప్పిన. కౌంటర్ పిల్లగాడు తల దించుకున్నడు. ప్రూఫు పంపే దగ్గర ఆమె పేరు రాసి పెట్టిన. కాజీపేట తమ్మి చెప్పినట్టు చేసి చూడనీకి నెలకు వెయ్యి పక్కకు పెడ్తున్న, చెడిపోయినా అడగను. మెషిన్ మన్ ఏం అనలే, కానీ సాయంత్రం మెషిన్ బ్లాంకెట్ (రంగును కాగితానికి అంటించే రబ్బరు) కడుక్కుంట "ఈ పౌడర్ వద్దు సేటూ, పాతదే మంచిగుండె" అని ఒర్రిండు.

కీబోర్డు_అక్క
మంచిగ చేసిండ్రు. ఆమె 500?

ప్రెస్సాయన_హన్మకొండ
ఇంక ఇయ్యలే అక్కా. పిల్లగాని దగ్గర వాపస్ తీస్కుంటే బాగుండదు. ఆమెకు ఇప్పుడిస్తే ఏమనుకుంటదో అని...

కాజీపేట_జంక్షన్
ఇచ్చి చూడు అన్నా.