తడిసి చెడిపోయిన బర్త్ సర్టిఫికెట్: విశాఖలో కొత్త కాపీ ఎలా?

ప్రశ్న: బాబు 2012 మేలో విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పుట్టాడు. అప్పుడు మా కాపురం విజయనగరం, ఇప్పుడు మధురవాడ. హుద్‌హుద్‌లో సర్టిఫికెట్ తడిసి రిజిస్ట్రేషన్ నంబరు అలుక్కుపోయింది. పేరు గడి మొదట్నుంచీ ఖాళీయే. పోలీసు కంప్లయింట్ ఇవ్వాలా? విజయనగరం వెళ్లాలా?

జవాబు: రెండూ అక్కర్లేదండి. మీ దగ్గరున్నది రిజిస్టర్ నకలు మాత్రమే. అసలు ఎంట్రీ ఆఫీసులో భద్రంగా ఉంటుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి మళ్లీ తీసుకోవచ్చు. కాన్పు ఎక్కడైతే నమోదు అక్కడే, తల్లిదండ్రుల ఊరితో పని లేదు. కేజీహెచ్ కాబట్టి మీది విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ). మీసేవలోగానీ వార్డు సచివాలయంలోగానీ అప్లై చేయండి.

నంబరు లేకపోతే వెతకడమే అసలు తంటా. ముందు స్కూల్లో అడగండి, అడ్మిషన్ ఫైల్లో జిరాక్సు ఉండొచ్చు. తడిసిన కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి ఫొటో తీసి చూడండి, అంకెల ఆనవాళ్లు తేలొచ్చు. అదీ కుదరకపోతే పుట్టిన తేదీ, తల్లి పేరు, ఆసుపత్రి పేరుతో వెతికించాలి. పుట్టిన రోజు దగ్గరే ఆగిపోవద్దు. సమాచారం ఇవ్వడానికి 21 రోజుల గడువుంది, మే నెలాఖరు కాన్పు జూన్ నమోదుల్లో ఉండొచ్చు. తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతోనూ, అసలు ఇంటిపేరే లేకుండానూ చూడమనండి.

మరో జవాబు: కాపీ కోసం తొందరపడకండి మేడం, ముందు పేరు ఎక్కించండి. లేకపోతే మళ్లీ పేరు లేని కాగితమే వస్తుంది, ఫీజు రెండుసార్లు. పేరు చేర్చడానికి నమోదైన నాటి నుంచి 15 ఏళ్లే గడువు. మీకు 2027 మే దాటకూడదు. స్కూలు రికార్డు, ఆధార్‌లలో ఉన్న అక్షరాలే, ఇంటిపేరుతో సహా, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసివ్వండి. ఒకసారి ఎక్కాక పేరు మార్చడం చాలా కష్టం. 15వ సెక్షన్ సవరణ తప్పుల దిద్దుబాటుకే, మనసు మారినందుకు కాదు.

ప్రశ్న: ఎంట్రీయే దొరక్కపోతే?

జవాబు: ముందు కేజీహెచ్ మెడికల్ రికార్డ్స్‌లో కాన్పు వివరాలు అడిగి, ఆ తేదీతో మళ్లీ వెతికించండి. అప్పటికీ లేకపోతే రికార్డులో లేదని రాతపూర్వకంగా తీసుకుని ఆలస్య నమోదుకు వెళ్లాలి. ఏడాది దాటిన వాటికి 2023 సవరణ తర్వాత మేజిస్ట్రేటు కోర్టు బదులు కలెక్టరు, ఆర్డీవో స్థాయి అధికారి ఉత్తర్వు చాలు. దళారి మాట విని ఇంకో ఊళ్లో పుట్టినట్టు మాత్రం నమోదు చేయించకండి, పాత ఎంట్రీ బయటపడితే రెండూ చిక్కే.

ఇంకొకరు: భీమిలిలో పుట్టినవాళ్లకు చిన్న తేడా. అది 2013లో జీవీఎంసీలో కలిసింది. అంతకుముందు కాన్పులు పాత మున్సిపాలిటీ రిజిస్టర్లలో ఉంటాయి, అక్కడి జోనల్ ఆఫీసులో అడగాలి. కొత్త కాపీ రాగానే లామినేషన్ చేయించకండి, వేడికి ప్రింటు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒక స్కాన్ ఫోన్లో ఉంచుకోండి.