కమలములు నీట బాసినవా, నీడ బాసినవా?

మైలాపూరు నుంచి:
సభ్యులకు నమస్కారం. నిన్న ఉదయం బోరు నీళ్లు పట్టిన బకెట్లో నా సెల్‌ఫోన్ పడింది. వెంటనే తీసి, స్విచ్ ఆఫ్ చేసి, సిమ్ ట్రే లాగి, తువ్వాలుతో అద్ది, మేడమీద ఎండలో పెడదామని బయలుదేరితే మా అమ్మగారు మెట్ల దగ్గరే ఆపి, "కమలాప్తు రశ్మి సోకి కమలిన భంగిన్ అని చదువుకోలేదట్రా, నీడన పెట్టు" అన్నారు. సూర్యకిరణం సోకి తామరలు కమిలిపోయినట్టు అని దాని అర్థం. ఫోన్ సంగతి అలా ఉంచి, సుమతి శతకంలోని ఆ పద్యం "కమలములు నీట బాసిన" అని మొదలవుతుందా, "నీడ బాసిన" అనా అన్న సందేహం అప్పటినుంచి పీకుతోంది. నేను రెండూ విన్నాను.

అన్నానగర్ నుంచి:
ముందు రెండో పాదం సరిచేసుకోండి. "కమలాప్తుని రశ్మి" అని ఉండాలి. ఆ "ని" జారిపోతే కందంలో ఐదో గణం జగణమై (లఘువు, గురువు, లఘువు) కూర్చుంటుంది, ఆరో చోట భగణం (గురువు, రెండు లఘువులు) పడుతుంది; ఆ రెండూ కందానికి చెల్లవు. ఇక నీట, నీడల మధ్య ఛందస్సు తీర్పు చెప్పదు, రెండూ గురులఘువులే. తీర్పు చెప్పేది అర్థం. మూడో పాదంలో "తమ తమ నెలవులు" అన్నాడు కదా. తామరకు నెలవు నీరే. నీడలో అది సరిగా విచ్చుకోను కూడా విచ్చుకోదు.

తండయారుపేట నుంచి:
అయ్యా, "బాసిన"లోని "పాయు" (విడుచు) ధాతువు ద్వితీయను, అంటే దేనిని విడిచిందో చెప్పే విభక్తిని, కోరుతుంది. "నీట" అంటే నీటిలో, అది సప్తమి. నీటిలో పాసిన కమలం నీటిలోనే ఉన్నట్టు కదా, అది ఎందుకు కమలుతుంది? "నీడ" అంటే జడవాచకం, ప్రాణం లేనిదాని పేరు, కనుక ద్వితీయకు ప్రథమ వచ్చిందని సరిపెట్టవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వ్యాకరణకర్త చిన్నయసూరి తెలుగు చెప్పిన ఊళ్లో ఉంటూ మనం విభక్తిని గాలికి వదలరాదు.

అన్నానగర్ నుంచి:
సూరిగారినే పిలిచారు కనుక అడుగుతున్నాను. అది ప్రథమే అయితే గసడదవాదేశం వచ్చి, అంటే ప్రథమ తర్వాతి పకారం వకారమై, "నీడ వాసిన" కావాలి. పద్యంలో ఉన్నది బకారం, అంటే ముందున్నది ద్రుతాంతం, చివర నకారమున్న పదం; దాని వల్లే పకారం బకారమైంది.

తండయారుపేట నుంచి:
అయితే "నీడన్" అన్న ద్వితీయే అనుకుందాం. నా వాదం ఇంకా బలపడింది.

తిరువాన్మియూరు నుంచి:
మీ ఇద్దరి బకారం తేలేలోపు ఆ ఫోన్ తుప్పు పడుతుందేమోనని నా బెంగ. బోరు నీళ్లు అన్నారు కనుక చెబుతున్నాను, వాటిలోని లవణాలు లోపల మిగిలిపోతాయి, తడి ఆరకముందే విద్యుత్తు పారితే లోహాన్ని తినేస్తాయి. కాబట్టి ఛార్జరు జోలికి వెళ్లవద్దు. బియ్యం డబ్బాలో కూడా పెట్టవద్దు. సన్నని రేణువులు హాని చేస్తాయని ఆపిల్ సంస్థే 2024లో తన సూచనల్లో చెప్పింది. అమ్మగారి మాటే సరైనది, ఎండ వేడికి బ్యాటరీ, తెరను పట్టి ఉంచే జిగురు రెండూ దెబ్బతింటాయి. ఇక పద్యమే కావాలంటే నాకు గుర్తొచ్చేది పోతనగారి "నీరాట వనాటములకు" అన్నదే. నీటిలో తిరిగేది నీరాటం, అడవిలో తిరిగేది వనాటం; ఒకే తీరు పదాలతో మొసలి, ఏనుగు అనే రెండు ప్రాణులను, వాటి రెండు లోకాలను ఎదురెదురుగా నిలబెట్టినవాడు ఆయన. మీ ఫోన్ నీరాటం కాదని మాత్రం తేలింది.

అన్నానగర్ నుంచి:
పోతనగారి మీద గౌరవంతోనే అంటున్నాను, అక్కడ విభక్తి చిక్కు లేదు కనుక అది మన చర్చకు పనికిరాదు.

మైలాపూరు నుంచి:
ఫోన్‌ను నీడలో, ఫ్యాను ఎదురుగా రెండు రోజులు ఉంచాను. వెలగలేదు. సిమ్ గూట్లో ఉండే తెల్లని గుర్తు ఎర్రబడింది. రేపు ఎలక్ట్రానిక్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు తీసుకెళ్తాను, అక్కడ విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడుగుతారట. అమ్మగారిని మళ్లీ అడిగితే, తాను బడిలో "నీట" అనే వల్లించానని, "నీడ" అన్నది ఫోన్ గురించి మాత్రమేనని చెప్పారు. మరి "నీడ బాసిన" అని నేను ఎవరి నోట విన్నానో గుర్తు రావడం లేదు.

తండయారుపేట నుంచి:
నా నోట విని ఉండరు, మనం ఎప్పుడూ కలవలేదు. కనుక ఆ పాఠం మరెక్కడో ఉన్నట్టే. సప్తమి గురించి నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.