సెకండ్‌హ్యాండ్ స్కూటర్: రెండు సెకన్లు మోగి ఆగిపోతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తచెయ్యి:
అందరికీ నమస్కారం. నేనెప్పుడూ పానా పట్టిన మనిషిని కాదు. తెలిసినవాళ్ల దగ్గర ఏడాదిన్నరగా మూలపడి ఉన్న 110 సీసీ గేర్లెస్ స్కూటర్ కొన్నాను, కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న మోడల్. "బ్యాటరీ ఒక్కటి మార్చు, పరిగెడుతుంది" అన్నారు. మార్చాను. పరుగు సంగతి దేవుడెరుగు, దగ్గను కూడా దగ్గలేదు.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది. ప్లగ్ విప్పి చూస్తే నల్లగా ఉంది కానీ పొడిగా ఉంది. కొత్తది వేశాను. ఓ వీడియోలో చూసి ప్లగ్ కన్నంలో నాలుగు చుక్కల పెట్రోల్ వేసి బిగించి కొడితే, డుగ్ డుగ్ మని రెండు సెకన్లు మోగింది! ఎగిరి గంతేశాను. అంతే, మళ్లీ చప్పుడు లేదు. ఇంకో మూడుసార్లు వేశాను, ప్రతిసారీ అదే కథ. ట్యాంకులో సగం పెట్రోల్ ఉంది. ఇక ఇంజన్ విప్పాలేమోనని టెన్షన్‌గా ఉంది.

చమురుమరకలు:
తమ్ముడూ, ఇంజన్ జోలికి వెళ్లకు. ఆ రెండు సెకన్లలోనే బండి నీకు సగం జవాబు చెప్పేసింది. స్పార్క్ వస్తోంది, కంప్రెషన్ (ఇంజన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి) కూడా మోగేంత ఉంది. పొడి ప్లగ్ అంటే పెట్రోల్ లోపలికి రావట్లేదని. బ్యాటరీకి, ప్లగ్‌కి పెట్టిన ఖర్చు ఈ రోగానికి మందు కాదు.

ఇలాంటి చాలా స్కూటర్లలో పెట్రోల్ ట్యాప్ చేత్తో తిప్పేది కాదు. ఇంజన్ తిరుగుతుంటే వచ్చే వాక్యూమ్‌తో, అంటే అది గాలిని లాగే లాగుడుతో, తెరుచుకుంటుంది. అందుకే ట్యాప్‌కి పెట్రోల్ పైపుతో పాటు ఆ లాగుడు అందించే ఇంకో సన్న పైపు ఉంటుంది. అది ఎక్కడైనా చీలితే ట్యాంకు నిండా ఉన్నా చుక్క దిగదు. కార్బ్యురేటర్ దగ్గర పెట్రోల్ పైపు పీకి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టు. పెట్రోల్ రాకపోతే, ట్యాప్ దగ్గర ఆ సన్న పైపు తీసి, అక్కడ సూది లేని సిరంజి పెట్టి లాగి చూడు. అప్పుడు ధార వస్తే ట్యాప్ మంచిదే, తప్పు పైపుది. సన్న పైపులోకే పెట్రోల్ వస్తుంటే మాత్రం ట్యాప్ లోపల డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగినట్టు.

నేను నా మొదటి బండికి ఇదేమీ చూడకుండా నేరుగా కార్బ్యురేటర్ మీద పడ్డాను. సరిపడని స్క్రూడ్రైవర్‌తో తిప్పితిప్పి కింది గిన్నె స్క్రూ తల గుండ్రంగా అరగదీశాను. దాన్ని ఊడదీయడానికే ఒక ఆదివారం పోయింది.

నిదానంరాజు:
పైన అన్న చెప్పింది కరెక్టే. ఒక్క మాట కలుపుతాను: ఏడాదిన్నర నాటి పెట్రోల్‌ని నమ్మొద్దు, మొత్తం తీసేసి కొత్తది పోయండి. ఇంకోటి, కన్నంలో పెట్రోల్ వేసిన వెంటనే ప్లగ్‌ని బయటపెట్టి స్పార్క్ చూడకండి. కన్నంలోంచి వచ్చే ఆవిరి అంటుకుంటుంది. బండి మోగించేది కూడా ఆరుబయటే, తలుపులు మూసిన షెడ్డులో వద్దు.

కొత్తచెయ్యి:
అన్నా, దొరికింది! సీసాలో చుక్క పడలేదు. సిరంజితో లాగితే సన్నటి ధార. సన్న పైపు కొసన, క్లిప్పు కింద సరిగ్గా కనపడని చోట చీలిక. వంచితే నోరు తెరుస్తోంది, వదిలితే మూసుకుంటోంది. కొస మేర కోసి మళ్లీ తొడిగాను. పొడవు సరిపోయింది. పాత పెట్రోల్ వార్నిష్ కంపు కొట్టింది, తీసేశాను.

స్టార్ట్ అయింది! కానీ రేస్ ఇస్తూ ఉంటేనే నడుస్తోంది, వదిలితే ఆగిపోతోంది.

చమురుమరకలు:
శభాష్. అది పైలట్ జెట్, కార్బ్యురేటర్ లోపల సన్న కన్నం ఉన్న చిన్న ముక్క. ఐడిలింగ్‌కి, అంటే రేస్ ఇవ్వకుండా బండి నిలకడగా మోగడానికి, పెట్రోల్ దాని గుండానే వెళ్తుంది. ఎండిన పెట్రోల్ జిగురు దాన్ని మూసేసి ఉంటుంది. ఇప్పుడు కార్బ్యురేటర్ విప్పు. ముందు ప్రతి పైపుకీ ఫొటో తీసుకో. జెట్‌ని వెలుతురుకి ఎత్తి చూస్తే సూదిమొన అంత గుండ్రటి వెలుగు కనపడాలి. క్లీనర్ కొట్టి, వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగుతో పొడువు. ఉక్కు సూదితో వద్దు, కన్నం పెద్దదైపోతుంది.

కొత్తచెయ్యి:
జెట్‌లో వెలుగే లేదన్నా. రాగి పోగు మూడోసారికి దూరింది. ఇప్పుడు ఐడిలింగ్‌లో పది నిమిషాలు నిలిచింది. సాయంత్రం అలా ఓ రౌండ్ వేసొస్తా.

చమురుమరకలు:
ఆగాగు! బ్రేకులు చూశావా?

కొత్తచెయ్యి:
...వెనక లివర్ హ్యాండిల్‌కి ఆనిపోతోంది.

చమురుమరకలు:
అయితే రౌండ్ రేపు. వెనక చక్రం దగ్గర కేబుల్ కొసన నట్ ఉంటుంది, లివర్‌లో కొంచెం ఆట మిగిలేలా బిగించు. అది చివరిదాకా వచ్చేసినా పట్టకపోతే బ్రేక్ షూలు అరిగినట్టే. చక్రం విప్పు, ఫొటో పెట్టు.